కట్ ఎవరు చెప్పాలి

గ్లాసులోంచి వాసన వచ్చింది. మంచినీళ్ళకు వాసన ఉండదు కదా అనుకున్నాడు పళ్ళాయన, నోట్లో కోరలతో కుస్తీ పడుతూ, చెప్పాల్సిన తర్వాతి మాట కోసం వెతుక్కుంటూ.

తెలియని వాసనైతే గొడవే లేదు. అది ఆయన పనిగదిలో కట్టుడు పళ్ళ లోహపు చట్రాలను కడిగే యాసిడ్ ద్రావకం వాసన. ముక్కులోకి ఎక్కి నుదుటి దగ్గర గుచ్చుతుంది. కొన్ని దశాబ్దాలుగా పీలుస్తున్నవాడు పొరపాటు పడడు. అయినా పొరపాటే అయితే బాగుండునని కోరుకున్నాడు. పొద్దున పని చూసుకునే వచ్చాడు కదా, తన చొక్కాకే అంటుకుందేమోనని తల వంచి కాలరు వాసన చూసుకున్నాడు. కెమెరా పక్కనున్న మేనకోడలికి అది రక్తపిశాచి సిగ్గుపడి తల దించుకున్నట్టు కనిపించింది. బాగుందన్నట్టు బొటనవేలు పైకెత్తింది.

కాలరు సబ్బు వాసన వేస్తోంది. ద్రావకం వాసన ఎదుటి కుర్చీలో కూర్చున్న అక్క చేతిలోని గ్లాసులోంచే వస్తోంది. ఇంకాసేపటికి ఆ గ్లాసు ఆమె పెదవులు తాకాలి. కథ ప్రకారమే తాకాలి.

ఆ కథేమిటో చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మేనకోడలు ఒక సినిమా తీస్తోంది. రక్తపిశాచి సినిమా, అందులోనూ వేదాంతం. ఆ పిశాచికి గాల్లో ఎగరడం, గోడలెక్కడం చేతకావు, ఎందుకంటే వాటికి ఖర్చవుతుంది. కూర్చుని మాట్లాడుతుంది. మాటలు చవక. పిండి కొద్దీ రొట్టె.

చావాలనుకునేవాళ్ళ రక్తంలో సారం ఉండదట. అందుకని ఆ పిశాచి, విషం గ్లాసులో పోసుకుని కూర్చున్న మనిషి ఇంటికి వెళ్తాడు. ఎదురుగా కూర్చుని, మాట్లాడి మాట్లాడి బతుకు మీద ఆశ పుట్టిస్తాడు. ఆశ పుట్టి గ్లాసు కింద పెట్టిన క్షణాన మెడ కొరుకుతాడు.

"ఆశ పెట్టి చంపేవాడు పిశాచా, ఆశ లేకుండా బతకనిచ్చేవాడు పిశాచా? అదీ మావయ్యా ప్రశ్న," అని మేనకోడలు కళ్ళు మెరిపిస్తూ అడిగినప్పుడు, "రెండోవాడు మా ఇంటి ఓనరు," అన్నాడు పళ్ళాయన. ఆమె నవ్వలేదు. వేదాంతులకు నవ్వు తక్కువ.

పళ్ళాయనను పిశాచిగా ఎందుకు పెట్టుకుందంటే, లోతు బుగ్గలు, పొడుగు చేతులు, ఏమీ అడగని స్వభావం, పైగా కోరలు తనే చేసుకుంటాడు. ఆయన వృత్తి కట్టుడు పళ్ళు చేయడం. ఊళ్ళో సగం నోళ్ళు ఆయన పనితనంతోనే నములుతున్నాయి. కానీ సొంత కోరలు మాత్రం కుదరలేదు. 'స' అనగానే ఈల వేస్తాయి.

అక్కను పెట్టుకోవడం వెనక వేరే సంగతి ఉంది. ఆమె పళ్ళాయన పనిగదిలో తయారైన సెట్లను డబ్బాలో సర్దుకుని, స్కూటర్ మీద దంతవైద్యుల దగ్గరికి చేరవేస్తుంది. ఆయనకంటే చిన్నదే, అయినా అందరితో పాటు ఆయనా అక్కా అంటాడు. ఆమె ఆయన్ను అన్నయ్యా అంటుంది. ఎవరు పెద్దో ఇద్దరికీ పట్టదు. మంచంలో పడ్డ సొంత అక్కకు ఆమె ఏళ్ళ తరబడి సేవ చేసింది. పెళ్ళి మాట ఎత్తిన వాళ్ళను కసిరింది. ఆ అక్క ఈ మధ్యనే పోయింది. కోరలు చూడ్డానికి పనిగదికి వచ్చిన మేనకోడలు, కిటికీ దగ్గర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆమెను చూసి మావయ్య చెయ్యి గిల్లింది.

"ఆ మొహం చూడు మావయ్యా! ఎంత ఖాళీగా ఉందో! ఏ నటికి వస్తుంది అంత ఖాళీ?"

ఖాళీని చూసి సంతోషించేవాడు ఇల్లు అద్దెకు వెతుక్కునేవాడొక్కడే అని పళ్ళాయనకు ఆ రోజు తోచలేదు. పోనీలే, నాలుగు రోజులు మనసు మళ్ళుతుంది అనుకున్నాడు. అక్క వెంటనే ఒప్పుకుంది. అంత వెంటనే ఎందుకు ఒప్పుకుందని ఎవరూ అడగలేదు.

మేనకోడలు పనిచేసే పద్ధతి వేరు. మాటలు రాసివ్వదు. "పరిస్థితి నాది, మాటలు మీవి," అంటుంది. ఎవరి సామాను వాళ్ళే చూసుకోవాలి, కాబట్టి అక్క గ్లాసు అక్కే నింపుకోవాలి. అన్నిటికీ మించి, కట్ అనే మాట ఆమె నోట తప్ప ఇంకెవరి నోటా రాకూడదు. ఒకసారి పక్కవాటాలో కుక్కర్ కూసిందని కెమెరా పట్టే బక్కోడు ఆపేస్తే, అతన్ని పట్టుకుని దులిపేసింది. "ఇల్లు కాలిపోతున్నా సరే, నేను చెప్పేదాకా నడవాల్సిందే. నిజం బయటికొచ్చే టైముకే మీరు దాని పీక నొక్కేస్తున్నారు!"

ఇప్పుడు మధ్యాహ్నం. ఎవరో స్నేహితురాలు ఖాళీ చేసిన వాటాలో, కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు కొట్టి, పొగ పెట్టి, పట్టపగలే అర్ధరాత్రి చేశారు. సాయంత్రానికి తాళాలు ఇచ్చేయాలి. ఇదే ఆఖరి సీను. ముందు తీసిన టేకుల్లో అక్క మంచినీళ్ళే పోసుకుంది. ఈ టేకుకు ముందు మొహం కడుక్కుని వస్తానని వంటగదిలోకి వెళ్ళింది, వెంట తన చేతిసంచీ తీసుకుని.

"మీకు వానంటే ఇష్టమా?" అన్నాడు పళ్ళాయన. అది ముందు టేకుల్లో అన్నమాటే.

"వానొస్తే గుడ్డలు ఆరవు," అంది అక్క.

"పొద్దున్నే ఎండ కిటికీలోంచి పడుతుంటే..."

"ఇవన్నీ క్యాలెండర్ బొమ్మల కింద రాసే మాటలు. వేరేవి లేవా నీ దగ్గర?"

బక్కోడు కెమెరా వెనక ముసిముసిగా నవ్వుకున్నాడు. మేనకోడలు ఊపిరి బిగబట్టింది. ఇంత బాగా ఎప్పుడూ రాలేదు మరి.

పళ్ళాయన పరిస్థితి ముందు నుయ్యి వెనక గొయ్యి. లేచి గ్లాసు లాక్కుందామంటే మధ్యలో బల్ల ఉంది. ఆయన కుర్చీలోంచి లేచేలోపు ఆమెకు ఒక్క గుక్క చాలు. ఆపండని అరుద్దామన్నా అదే భయం. అరిచాక, ఎవరి చెయ్యి ముందు కదులుతుంది? గ్లాసు ఆమె కుడిచేతిలో, గడ్డానికి కాస్త కింద ఉంది. చెయ్యి వణకడం లేదు. వణికి ఉంటే ఆయనకు కొంచెం ధైర్యం వచ్చేది.

"నిన్ను నేను చాలా రోజులుగా చూస్తున్నాను," అన్నాడు. అది పిశాచి మాటో తనదో ఆయనకే తెలియలేదు. "అందరూ నిన్ను పలకరించి వెళ్తారు. ఏమంటారు?"

"ఏమంటారు! 'పోనీలే, ఇక నీకు విశ్రాంతి' అంటారు." అక్క చిన్నగా నవ్వింది. "బియ్యం కొట్టువాడు అన్నాడు. కింది వాటా ఆవిడ అంది. నువ్వూ అన్నావు."

అన్నాడు, నిజమే. సానుభూతి అనుకునే అన్నాడు. ఇప్పుడు ఆ మాట గుర్తొచ్చి నోట్లో పచ్చివెలక్కాయ పడ్డట్టయింది, అసలే కోరలున్న నోట్లో.

"తప్పు మాటన్నాను," అన్నాడు. 'తప్పు' లో 'స' లేదు కాబట్టి ఈల రాలేదు. "ఆ రాత్రి ఏం చేశావు? మీ అక్క పోయిన రాత్రి."

గ్లాసు ఒక్క అంగుళం పైకి లేచింది. అడగకూడనిది అడిగానా అనుకున్నాడు. వెనక్కి తీసుకునే దారి లేదు.

"నిద్రపోయాను," అంది అక్క.



"అందరూ వెళ్ళిపోయాక తలుపేసుకుని నిద్రపోయాను. ఎన్నో ఏళ్ళ తర్వాత, మధ్యలో ఒక్కసారి కూడా మెలకువ రాకుండా. పొద్దున లేచేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఆకలేసింది కూడా. పొయ్యి దగ్గరికెళ్ళి అలవాటు చొప్పున ఇద్దరికి వండాను. రెండు కంచాల్లోదీ నేనే తిన్నాను." గ్లాసులోకి చూసింది. "రుచిగా ఉంది అన్నయ్యా. ఆ పూట అంత రుచిగా ఉంది. అలాంటి మనిషిని నేను."

అన్నయ్యా అంది. పిశాచిని ఎవరూ అన్నయ్యా అనరు. ఆ పిలుపు విని పళ్ళాయనకు కళ్ళు చెమ్మగిల్లాయి, భయం కూడా రెట్టింపైంది. ఆమె నటించడం లేదు. ఆమాటకొస్తే ఇప్పుడు ఇక్కడ ఎవరూ నటించడం లేదు.

"నిద్ర పట్టడం నేరమా?" అన్నాడు. కోపంగానే అన్నాడు. కోపం ఎవరి మీదో తెలియదు. "ఏళ్ళ తరబడి మేలుకున్న మనిషికి నిద్ర రాకపోతే ఆశ్చర్యపోవాలి గానీ!"

"నువ్వు అంటావులే. నీ పని అదే కదా, ఆశ పెట్టడం. నేను సరేనంటే, ఇది కింద పెడితే, నువ్వు కొరుకుతావు. ఇదే కదా కథ?" గ్లాసు పెదవుల దాకా వచ్చింది. వాసనకు ఆమె మొహం ఒక్క క్షణం పక్కకు తిప్పుకుని, మళ్ళీ ఇటు తిప్పింది. "ఎటూ పోయేదాన్నే. మధ్యలో ఈ మాటలెందుకు?"

పళ్ళాయన ఓరగా మేనకోడలి వైపు చూశాడు. కట్ చెప్పు తల్లీ అని కళ్ళతో వేడుకున్నాడు. ఆమె పెదవులు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి. చెయ్యి గాల్లో అలాగే ఆగి ఉంది, నడవనివ్వండి అన్నట్టు.

ఆయనకిక మాటలు దొరకలేదు. వేదాంతం అసలే రాదు. నోట్లో కోరలు చిగుళ్ళను కోసేస్తున్నాయి. నోట్లో వేళ్ళు పెట్టి వాటిని ఊడబెరికాడు. పనిబల్ల ముందు రోజూ చేసేటట్టే, తల ఎత్తకుండా, వాటిని చేతివేళ్ళ చివర పట్టుకుని ముందుకు చాపాడు.

"అక్కా, ఇదుగో. జాగ్రత్త, పగులుతాయి."

కట్టుడు పళ్ళు అందుకునేటప్పుడు ఒంటిచేత్తో అందుకోకూడదు. జారితే రోజుల పని నేలపాలు. పనిలో చేరిన కొత్తలో పళ్ళాయన ఆమెకు నేర్పిన మొదటి పాఠం అదే. అప్పటినుంచి ఆయన చెయ్యి చాపితే, ఆమె చేతిలో ఏమున్నా పక్కన పెట్టి దోసిలి పడుతుంది. ఫోను అయినా అంతే, అన్నం ముద్ద అయినా అంతే. తెలిసే చేశావా, తెలియక చేశావా అని తర్వాత భార్య అడిగితే, 'చెయ్యి దానంతటదే చాచుకుంది,' అన్నాడు.

అక్క గ్లాసు బల్ల మీద పెట్టి దోసిలి పట్టింది.

పళ్ళాయన కోరలు ఆ దోసిట్లో వదిలి, రెండో చేత్తో గ్లాసు లాగేసుకున్నాడు. కుర్చీ వెనక్కి పడింది. వంటగదిలోకి పరుగెత్తి తొట్టిలో గుమ్మరించి కుళాయి తిప్పాడు. ద్రావకం చిందిన చోట గచ్చు తెల్లగా పొంగింది. వెనక్కి వచ్చి చూస్తే కెమెరా ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. కెమెరా ఇంకా అక్క మొహం వైపే తిరిగి ఉంది.

"ఆపవే!" అని అరిచాడు.

మేనకోడలు ఉలిక్కిపడింది గానీ కట్ అనలేదు. చివరికి బక్కోడే, దర్శకురాలి వైపు చూడకుండా, చెయ్యి చాపి కెమెరా ఆపేశాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి నల్లగుడ్డ పీకేశాడు. ఎండ ఒక్కసారిగా గదిలో పడింది. అందరూ కళ్ళు చికిలించుకున్నారు.

పళ్ళాయన మేనకోడలిని వంటగదిలోకి లాక్కుపోయి తొట్టి చూపించాడు. గచ్చు మీది తెల్లమచ్చ చూడగానే ఆమె ఏడుపు లంకించుకుంది. నిజమైన ఏడుపే. చిన్నప్పుడు ఈయన భుజమ్మీద ఏడ్చిన పిల్లే. ఆ ఏడుపు చూసి కరిగిపోవాల్సినవాడు, ఎందుకో కరగలేదు.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు.

"ఏది మావయ్యా?"

"అడిగిందానికి చెప్పు."

ఆమె ముక్కు తుడుచుకుంది. "వాసన చూసి మొహం తిప్పుకుంది చూడు, అప్పుడు అనుమానం వచ్చింది. అంతకు ముందు టేకుల్లో అలా చేయలేదు."

"మరి?"

"ఒక్క నిమిషం చూద్దామనుకున్నాను."

పళ్ళాయన చెయ్యి లేచింది. దాన్ని ఆయనే కిందికి దించుకున్నాడు. అక్క చేతిలో గ్లాసు ఉన్నప్పటి భయం వేరు, ఇది వేరు. ఇది తన ఇంటి పిల్ల గురించిన భయం.

"చూపించమ్మా," అంది వెనక నుంచి అక్క. ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. కోరలు ఇంకా దోసిట్లోనే ఉన్నాయి. "నేనెలా ఉన్నానో చూస్తాను."

వద్దన్నాడు పళ్ళాయన. ఆమె వినలేదు. బక్కోడు కెమెరా తెర ఆమె వైపు తిప్పాడు. అరచేతంత తెర. అందులో అక్క గ్లాసు ఎత్తింది, మొహం తిప్పుకుంది, గ్లాసు కింద పెట్టి దోసిలి పట్టింది. ఇవతలి అక్క మొహం దగ్గరగా పెట్టి, డబ్బాలో సర్దేముందు పళ్ళ సెట్టును చూసినట్టే చూసింది.

"ఈవిడకు బతకాలని ఉన్నట్టు లేదే," అంది చివరికి. "పళ్ళు పగలకూడదని ఉంది, అంతే."

"ఇవాళ్టికి అది చాలు అక్కా," అన్నాడు పళ్ళాయన.

మేనకోడలు తడి మొహంతోనే కెమెరా దగ్గరికి వచ్చింది. "తీసేస్తాను అక్కా. ఇప్పుడే తీసేస్తాను." మీట మీద వేలు పెట్టింది. వేలు అక్కడే ఉంది. నొక్కడానికి సమయం పడుతోంది. ఆ సంగతి గదిలో ఉన్న నలుగురికీ కనిపించింది.

"ఒకటి అడుగుతాను, చెప్పు," అంది అక్క. గొంతులో కోపం లేదు. "ఆ నిమిషంలో నేను తాగేసి ఉంటే, వెంటనే ఆపేదానివా? లేక తాగాక నా మొహం ఎలా ఉంటుందో కూడా చూసేదానివా?"

మేనకోడలు నోరు తెరిచింది. ఆపేదాన్ని అని ఒక్క మాట అంటే సరిపోయేది. అబద్ధమైనా ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. కానీ సినిమా పుణ్యమా అని ఆమెకు అబద్ధం పడదు, నిజమే కావాలి. నోరు మూసుకుంది.

"తీసెయ్యకు," అంది అక్క. "ఉంచుకో. అప్పుడప్పుడూ చూసుకో. ఇంకెవరికీ చూపించకు."

కోరలు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, చేతిసంచీ తీసుకుని మెట్లు దిగింది. పళ్ళాయన మొహానికున్న పిశాచి తెల్లరంగు తుడుచుకోకుండానే వెంట దిగాడు. మేనకోడలు "మావయ్యా" అని పిలిచింది. ఆయన ఆగాడు గానీ వెనక్కి తిరగలేదు. "రేపు మాట్లాడుకుందాం," అన్నాడు. తప్పకుండా మాట్లాడాలి. ఇవాళ మాత్రం ఆయన దగ్గర ఒక్కరికి సరిపడా మనసే ఉంది.

కింద అక్క స్కూటర్ తాళం పట్టుకుని, ఎటు వెళ్ళాలో తెలియనట్టు నిలబడింది.

"మా ఇంటికి పద," అన్నాడు. "నీ వదినకు ఫోన్ చేసి చెప్తాను. ఇవాళ అక్కడే పడుకుందువు గాని. రేపు ఎవరికి చూపించాలో, ఏ డాక్టరుతో మాట్లాడాలో ముగ్గురం కూర్చుని ఆలోచిద్దాం."

"నిద్ర పడితే?" అంది అక్క.

"పడితే పడుకో. నిన్ను ఎవరూ లేపరు."

ఆమె తల ఊపలేదు, కాదనలేదు. బండి స్టార్ట్ చేసింది. పళ్ళాయనకు బండి నడపడం రాదు. వెనక కూర్చుని, సీటు వెనకున్న కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు. చావడానికి సిద్ధపడిన మనిషి చేతిలో హ్యాండిల్ పెట్టి వెనక కూర్చున్నానే అన్న సంగతి ఆయనకు రోడ్డెక్కాక గానీ తట్టలేదు. ఆపమందామా అనుకున్నాడు. ఆపితే ఆమె ఏమనుకుంటుంది? నమ్మడం తప్ప వేరే దారి లేదు. నమ్మాడు. నమ్ముతూనే వణికాడు.

పెద్దరోడ్డు మీదికి రాగానే వెనక నుంచి లారీ ఒకటి మీదికి వచ్చేసింది. హారన్ చెవులు పగలగొట్టింది. పళ్ళాయన కళ్ళు మూసుకున్నాడు.

బండి ఒక్క కుదుపుతో పక్కకు తప్పుకుంది. లారీ గాలి విసిరికొడుతూ వెళ్ళిపోయింది. అక్క ఒక కాలు నేల మీద ఆనించి, ఒళ్ళంతా వణికిపోతూ, వెళ్ళిపోతున్న లారీ వైపు చెయ్యెత్తి గొంతు చించుకుని అరిచింది.

"కళ్ళు కనిపించట్లేదట్రా! మనుషుల్ని చంపేస్తావా ఏంటి!"

అరిచాక ఆ మాట తనకే వినిపించింది. చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. కాసేపటికి ఆమె భుజాలు కదలడం మొదలెట్టాయి. వెనక కూర్చున్న పళ్ళాయనకు అది నవ్వో ఏడుపో తెలియలేదు. ఏదైనా సరే, అయ్యేదాకా కానివ్వమని, ఆమె వీపు మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాడు.